మిషను బడి నియమావళి: ఒక విమర్శ

శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల క్రైస్తవ ప్రాథమిక పాఠశాలలలో బిడ్డను జేర్చునపుడు తలిదండ్రుల చేతికొక చిన్న పుస్తకము వచ్చును. దానిని కొన్నియెడల డైరీ యందురు, కొన్నియెడల నియమావళి యందురు. అందు మొదట పాఠశాల చరిత్ర యుండును; పిదప ఆ పాఠశాల నమ్మిన విలువలుండును; తుదకు విద్యార్థులు నడచుకొనవలసిన నిబంధనలుండును. చివరి పుటలో తండ్రి గాని తల్లి గాని చేవ్రాలు చేయుటకు చోటు విడిచి యుందురు. చేవ్రాలు చేయువారే కాని దానిని జదువువారు తక్కువ. కావ్యములను, నాటకములను, నవలలను విమర్శించుటకు మన పత్రికలలో చోటు కలదు. ప్రతి సంవత్సరము క్రొత్తగా అచ్చువడి, ఇంటింటికి బోయి, అయిదేండ్ల పసివాని నడవడిని శాసించు ఈ చిన్న పుస్తకమును మాత్రము విమర్శకు దగినదిగా నెవరును దలపలేదు. ఆ లోపమును గొంతవఱకు దీర్పవలెనని మా యుద్దేశము.

ఏ యొక్క పాఠశాలను బేర్కొని దోషము లెన్నుట మా పని కాదు. ఇట్టి పుస్తకములకెల్ల సామాన్యమైన లక్షణములను మాత్రమే విచారింతుము. చరిత్ర, విలువలు, నిబంధనలు అను మూడు భాగములును ఒకదానితో నొకటి యేకీభవించుచున్నవా యనునదే మా ప్రశ్న. ఈ బడుల చరిత్ర వాకిలి తెఱచిన చరిత్ర. ఇప్పటి నిబంధనలలో గొన్ని ఆ వాకిటిని మరల మూయుచున్నవి. ఈ రెంటి నడుమ నున్న విలువల భాగము దీనిని గనిపెట్టక, అందమైన మాటలు చెప్పుచు నూరకున్నది. మేము చెప్పదలచిన దింతే. ఇక దీనిని నిరూపింతుము.

మొదట చరిత్రను జూతము. నియమావళులలో ఇది సామాన్యముగ ఒక పుటకు మించదు. స్థాపకుని పేరు, స్థాపించిన సంవత్సరము, క్రొత్త కట్టడము లేచిన సంవత్సరము, పరీక్షలలో వచ్చిన విజయములు – వీనితో ముగియును. ఈ తీరమున క్రైస్తవ విద్యకు గల రెండువందల యేండ్ల చరిత్ర యింతకంటె మిక్కిలి యాసక్తికరమైనది. లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాను, అగస్టసు డెగ్రాంజెసు అను నిద్దఱు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. వారు మొదట బూనుకొన్న పని తెలుగు నేర్చుకొనుట. బ్రాహ్మణ కులమున బుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు వారికి దోడ్పడెను. క్రాను 1809లోను, డెగ్రాంజెసు 1810లోను మరణించిరి. వారి శ్రమఫలమైన మూడు సువార్తల తెలుగు అనువాదము 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. 1840లో వచ్చిన జాన్ హే తన జీవితములో బెక్కేండ్లు తెలుగు బైబిలును సంస్కరించుటయందే గడపెను. ఆ శతాబ్దపు నడుమ కాలమున ఈ సంఘమువారి పని శ్రీకాకుళమునకును విజయనగరమునకును వ్యాపించెను.

కథోలికుల చరిత్రయు నిట్టిదే. ఫ్రాన్సు పర్వతప్రాంతమగు అనెసీనుండి సలేసు ఫ్రాన్సిసు సభవారు 1846లో విశాఖపట్టణము చేరిరి. మఱుసటి యేడే అచ్చట సెయింటు అలోషియసు పాఠశాల వెలసెను. 1849లో సెయింటు జోసెఫు సభకు జెందిన కన్యాస్త్రీలు వచ్చి బాలికల విద్యకు బూనుకొనిరి. పిమ్మట 1875లో కనడా దేశపు సముద్రతీర రాష్ట్రముల బాప్టిస్టులు వచ్చిరి. వీరు మొదట సయాము దేశమునకు బోయి, అచ్చట పని కొనసాగదని తెలిసికొని, తెలుగుదేశపు ఉత్తరభాగమునకు మరలిన వారు. భీమునిపట్టణము, శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరము, పాలకొండ, టెక్కలి, పర్లాకిమిడి – ఇవి యెల్ల క్రమముగ వారి స్థానములయ్యెను. శ్రీకాకుళమునకు ప్రత్యేకముగ కథోలిక పీఠ మేర్పడినది 1993లో. నేడు ఈ జిల్లాలలో మనము చూచు మిషను బడులలో బెక్కింటికి మూల మిట్టి ప్రవాహములలో నెచ్చటనో యుండును.

ఈ చరిత్రను మెచ్చుకొనువారు రెండు సంగతులను దాచరాదు. మొదటిది, ఆ బడుల ప్రధానోద్దేశము మతప్రచారము. ఇది వారే చెప్పుకొనిరి. దానిని దాచి, కేవలము విద్యాదానమే వారి యుద్దేశమని నేటి నియమావళి వ్రాసిన యెడల, అది వారికిని న్యాయము కాదు, మనకును న్యాయము కాదు. రెండవది, వారి బడులన్నియు కులభేదమును దిరస్కరించినవి కావు. మచిలీపట్టణమున రాబర్టు నోబులు 1843లో స్థాపించిన పాఠశాల గొప్ప విద్వాంసులను దయారు చేసినదే. కాని అగ్రవర్ణ బాలురు బడి మానుదురను భయముతో, అంటరానివారని పిలువబడిన కులముల బాలురకు అందు చాలకాలము ప్రవేశము లేకపోయెను. తెలుగుదేశమున మిషనులు హిందూ బాలికలకై నడపిన బడులకు గులీన బాలికా పాఠశాలలను పేరే కలదు. పట్టణపు ఆంగ్ల పాఠశాల యొకతీరు, మాలపల్లెలోని చిన్న బడి మఱియొకతీరుగ నుండెను.

అయినను ఆ మాలపల్లె బడియే ఈ చరిత్రలో మహత్తరమైనదని మా నిశ్చయము. తాటాకుల కప్పు క్రింద, కొద్ది జీతమునకు, ఆదివారము బోధకుడుగను తక్కిన దినములలో పంతులుగను పనిచేసిన యొక పేద మనుష్యుడు, తన కులపు బిడ్డలచే ఇసుకలో నక్షరములు దిద్దించెను. అంతకు ముందు ఆ బిడ్డలకు గురువు లేడు. బడి యరుగు నెక్కు నధికారము లేదు. స్త్రీల సంగతియు నింతే. 1901 జనగణనలో మదరాసు రాజధాని యంతటను వేయిమంది స్త్రీలలో అక్షరము లెఱిగినవారు రమారమి తొమ్మండుగురు. అట్టి కాలమున బాలికను పలకపట్టించి కూర్చుండబెట్టుట సామాన్యమైన సాహసము కాదు. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించునాటికి ఈ తీరమున కన్యాస్త్రీల బడి యిరువదియేండ్లు దాటినది. మతము మార్పింపవచ్చిన వారి బడిని జూచి మన సంస్కర్తలు సిగ్గుతోనో, పోటీతోనో, ప్రేమతోనో తామును బడులు పెట్టిరి. ఏ యుద్దేశముతో వెలిగించినను దీపము దీపమే. ఈ ఘనతను నేటి నియమావళులు చెప్పుకొనవు. కట్టడముల సంవత్సరములు మాత్రము చెప్పుకొనును. స్థాపకుని యెఱిగి, తొలి విద్యార్థి నెఱుగని చరిత్ర సగము చరిత్రయే.

ఇక విలువల భాగము. ప్రేమ, సత్యము, సేవ, క్షమ, క్రమశిక్షణ, దైవభక్తి – ఈ పదములు అన్ని పుస్తకములలోను గలవు. వీనిని గాదను వారెవరు? కాని విలువ యనునది నామవాచకముగ నున్నంతకాలము దాని బరువు తెలియదు. క్రియగ మాఱినపుడే తెలియును. క్షమ యని వ్రాసిన బడి, ఆలస్యముగ వచ్చిన పిల్లవానిని గేటు వెలుపల నిలువబెట్టునా, లోనికి బిలిచి కారణ మడుగునా? ప్రేమ యని వ్రాసిన బడి, జీతము కట్టని తండ్రి బిడ్డను తరగతిలో లేపి నిలువబెట్టునా, తండ్రికి వేఱుగ జాబు వ్రాయునా? విలువల పుట చదివి దీనికి సమాధాన మూహింప వలను పడదు. నిబంధనల పుట తిప్పవలసినదే.

దానికి ముందొక సంగతి చెప్పవలెను. హిందూ గృహస్థులకు, ముస్లిము గృహస్థులకు ఈ భాగమున గలుగు సందేహము మఱియొకటి: ఈ బడిలో మా బిడ్డ మతమేమగునని. రాజ్యాంగము దీనికి స్పష్టమైన యుత్తరమిచ్చినది. ప్రభుత్వ గుర్తింపు గాని సహాయము గాని పొందు విద్యాసంస్థలో, మైనరు బాలుని సంరక్షకుని సమ్మతి లేక, అతనిని మతబోధలోను ప్రార్థనలోను బాల్గొనుమని నిర్బంధింపరాదని 28వ అధికరణము శాసించుచున్నది. అల్పసంఖ్యాక వర్గములవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడపు హక్కును 30వ అధికరణము కాపాడుచున్నది. ఈ రెండును గలిసియే న్యాయము. బడివారు తమ మతమును సిగ్గుపడి దాచనక్కఱలేదు. తలిదండ్రులు దానికి జంకనక్కఱలేదు. కాని ఈ సమ్మతి సంగతిని నియమావళిలో నొక్క వాక్యముగనైన వ్రాయుట బడివారి విధి. మేము చూచిన పుస్తకములలో జీతపు గడువు తేదీ పెద్ద యక్షరములతో నుండగ, ఈ వాక్యము కనబడుట యరుదు.

నిబంధనల భాగమున మెచ్చదగినవి లేకపోలేదు. వేళకు వచ్చుట, గోళ్లు తీసికొనుట, చేతులు కడిగి భోజనము చేయుట, పుస్తకములకు అట్టలు వేసికొనుట, ఇతరుల వస్తువులు ముట్టకుండుట, అబద్ధమాడకుండుట – ఇవి మంచి యలవాటులు. ఒకే విధమైన దుస్తులు వేసికొనవలెనను నియమము మూలమున మంచిదే. ధనికుని బిడ్డకును కూలివాని బిడ్డకును నడుమ గోడను గూల్చుటకు బుట్టినది. కాని ఆ దుస్తులు ఫలాని యంగడిలోనే, ఫలాని ధరకే కొనవలెనని, వారమున కొక జత, వ్యాయామమున కొక జత యని నియమించినపుడు, కూల్చిన గోడ మరల లేచుచున్నది. నియమమునకు బుట్టుక యెందుకో మఱచిన యెడల అది తన ప్రయోజనమునకే శత్రువగును.

బొట్టు, పూలు, గాజులు వలదను నియమము కొన్ని బడులలో గలదు. దీనిపై మన యిండ్లలో అప్పుడప్పుడు వివాదములు లేచుచుండును. మా యభిప్రాయ మిది: ఆడంబరమును దగ్గించుటకై ఆభరణముల నెల్లవారికిని నిషేధించిన, అది సమత్వమున కనుకూలమే. కాని బంగారు గొలుసున వ్రేలాడు సిలువకు ననుమతి యుండి, గోరంత బొట్టునకు లేకపోయిన యెడల, అది సమత్వము కాదు. ఒక మతపు చిహ్నమును బడి దుస్తులలో జేర్చి, వేఱొకదానిని దోషముల పట్టికలో జేర్చుట. హిందువుల యాజమాన్యమున నడచు బడులు ఇట్టి పనినే యితర మతముల చిహ్నములయెడ జేసినను మే మీ మాటయే చెప్పుదుము.

అన్నిటికంటె గొప్ప దోషము తెలుగు మాటలాడరాదను నియమము. బడి యావరణములో నింగ్లీషు మాత్రమే మాటలాడవలెననియు, తెలుగు మాటలాడిన వానికి జరిమానా గాని, మెడలో బలక గాని, డైరీలో నెఱ్ఱసిరా గుఱుతు గాని యుండుననియు గొన్ని బడుల నియమము. ఇది క్రైస్తవ బడులలోనే కాదు, పేరునకు సరస్వతిని, గాంధిని బెట్టుకొన్న బడులలోను గలదు. కాని క్రైస్తవ బడియం దిది మఱింత విపరీతము. వీరి చరిత్ర మొదలైనదే తెలుగు నేర్చుకొనుటతో. సముద్రములు దాటి వచ్చి, జ్వరములతో గృశించి, నాలుగైదేండ్లలో బ్రాణములు విడిచిన యిద్దఱు ఏ భాషను నేర్చుటకై తమ శేషజీవితమును వెచ్చించిరో, ఆ భాషను వారి వారసుల బడిలో నొక తెలుగు బిడ్డ పలికిన దండనమా? చరిత్ర పుటను వ్రాసినవారును, నిబంధనల పుటను వ్రాసినవారును ఒకరినొకరు కలిసికొన్నట్లు లేదు.

ఈ సందర్భమున మన ప్రాంతపు మఱియొక యుపాధ్యాయుని స్మరింపవలెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులు 1863లో శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో నుపాధ్యాయుడై, కొండలలోని సవరల భాషను స్వయముగ నేర్చెను. ఆ భాషలోనే పాఠపుస్తకములు కూర్చి, సవర బిడ్డలకు బడులు పెట్టెను. సవర భాషా వ్యాకరణ గ్రంథము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆయన క్రైస్తవుడు కాడు. ఇంగ్లీషునకు శత్రువును గాడు. బిడ్డకు దెలిసిన మాటనుండి తెలియని మాటకు బోవుట బోధనకు మొదటి మెట్టని యెఱిగినవాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టముకూడ సాధ్యమైనంతవఱకు బోధన బిడ్డ మాతృభాషలో నుండవలెనని 29వ సెక్షనులో జెప్పినది.

దీనికి బడివారు చెప్పు సమాధానము మే మెఱుగనిది కాదు. తలిదండ్రులే యింగ్లీషు కోరుచున్నారు. మేము పెట్టకున్న మఱియొక బడికి బోవుదు రందురు. ఇది నిజమే. రాష్ట్ర ప్రభుత్వమే 2019లో ప్రభుత్వ పాఠశాలలలో నింగ్లీషు మాధ్యమమును బ్రవేశపెట్ట నుత్తరువు లిచ్చినది. ఉన్నత న్యాయస్థానము 2020లో వానిని గొట్టివేసినది. కూలి చేసికొను తల్లి తన బిడ్డకు నింగ్లీషు రావలెనని కోరుటలో దప్పేమియు లేదు. ఆ భాషలో నుద్యోగములు గలవు, గౌరవము గలదు. కాని ఇంగ్లీషు నేర్పుట వేఱు, తెలుగును నేరము చేయుట వేఱు. మొదటిది బోధన; రెండవది బోధన చేతగాక పెట్టిన కావలి. ఇంటికి వచ్చి ఆనాడు బడిలో నేమి జరిగినదో తల్లికి జెప్పలేని బిడ్డకును, బిడ్డ డైరీలో నేమి వ్రాసిరో చదువలేక చేవ్రాలు చేయు తల్లికిని నడుమ ఆ బడి దూరము పెంచుచున్నది. 2011 జనగణనలో శ్రీకాకుళము జిల్లాలో నక్షరాస్యులు నూటికి 61.74 మంది, విజయనగరము జిల్లాలో 58.89 మంది. విజయనగరము స్త్రీలలో సగముమందికైన నక్షరజ్ఞానము లేకపోయెను. అట్టి యిండ్లకు బోవు నియమావళి ఇంగ్లీషులో మాత్రమే అచ్చగుట, చదువరాని వానిచే ఋణపత్రముపై వ్రేలిముద్ర వేయించుకొనుట వంటిది.

దండనల సంగతి యొకటి మిగిలినది. బెత్తమును వాడుదుమని నేడు నియమావళిలో వ్రాయువారు లేరు. అవసరమైన క్రమశిక్షణ చర్యలు తీసికొనబడునని వ్రాయుదురు. ఈ అస్పష్టతయే ప్రమాదకరము. విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను శారీరక దండనమును, మానసిక హింసను నిషేధించినది. 2014లో సర్వోన్నత న్యాయస్థానము అల్పసంఖ్యాక వర్గముల పాఠశాలలకు ఆ చట్టము వర్తింపదని తీర్పు చెప్పినది. 2025లో మఱియొక ధర్మాసనము ఆ తీర్పు సరియైనదేనా యని సందేహించి, విస్తృత ధర్మాసనపు విచారణ కోరినది. న్యాయవాదుల వాదము లెట్లు ముగిసినను, క్రైస్తవ బడి ఈ విషయమున చట్టముకొఱకు గాచుకొని యుండదగదు. శిష్యులు తమలో గొప్పవాడెవడని యడిగినపుడు క్రీస్తు ఒక చిన్న బిడ్డను బిలిచి వారి నడుమ నిలువబెట్టెనని సువార్త చెప్పుచున్నది. దండించుటకు గాదు, పెద్దలకు బాఠము చెప్పుటకు నిలువబెట్టెను. ఆ గ్రంథమును బ్రమాణముగ గొన్న బడిలో బిడ్డ తరగతి నడుమ నేల నిలువవలసి వచ్చుచున్నదో వారే యాలోచింతురు గాక.

నియమములు లేక బడి నడువదు. మేమును బడిపంతులమే, నలువదిమంది పిల్లలున్న తరగతిలో నొక గంట గడపినవాడెవడును క్రమశిక్షణను దేలికగ మాటలాడడు. కాని ఈ నియమావళులలో నొక వింత గలదు: విద్యార్థి చేయవలసినవి, చేయరానివి యెన్నియో, తలిదండ్రులు చేయవలసినవి కొన్ని, ఉపాధ్యాయుడు చేయవలసినది మాత్రము ఒక్కటియు లేదు. తైత్తిరీయోపనిషత్తున విద్య ముగించిన శిష్యునకు గురువు ఎన్నియో విధులు చెప్పుచు, తన నడవడిలో మంచివానిని మాత్రమే గ్రహింపుమని, తక్కినవానిని విడువుమని హెచ్చరించును. తనను గూడ పరీక్షకు బెట్టుకొన్న ఆ గురువు నోటనే విధులు శోభించును. ఒకవైపే బంధించునది నియమము కాదు, కట్టడి.

కావున మేము కోరునవి గొప్ప మార్పులు కావు. నియమావళిని తెలుగులోను, ఇంగ్లీషులోను ప్రక్కప్రక్కన నచ్చువేయుదురు గాక. ప్రతి నియమము క్రింద దాని కారణము నొక వాక్యములో వ్రాయుదురు గాక. కారణము వ్రాయలేని నియమమును దీసివేయుదురు గాక. బిడ్డ తప్పుచేసిన నేమి చేయుదురో, ఏమి చేయరో స్పష్టముగ జెప్పుదురు గాక. ఉపాధ్యాయుల విధులకు నొక పుట కేటాయింతురు గాక. ప్రార్థనలో బాల్గొనుట తలిదండ్రుల యిష్టమని తెలుపుదురు గాక. చరిత్ర పుటలో స్థాపకుల చిత్రములతోబాటు, ఈ బడిలో మొట్టమొదట నక్షరము దిద్దిన పేద బిడ్డలకును, వారికి నేర్పిన తెలుగు పంతులకును జోటిత్తురు గాక. కులభయముచే నెవరినైన వాకిట నిలిపిన దినములున్న, దానినిగూడ దాచక వ్రాయుదురు గాక.

చదువరులకును మా మనవి యొకటి. వచ్చు జూనులో మీ యింటికి ఈ చిన్న పుస్తకము వచ్చినపుడు, చేవ్రాలు చేయుటకు ముందు చదువుడు. అర్థము కానిదాని నడుగుడు. మిషను బడికి మన ప్రాంతము ఋణపడి యున్నదనుట నిజము. ఆ ఋణము తీర్చుకొను మార్గము ఆ బడి యేమి చెప్పినను దలయూచుట కాదు. ఎవరికి బడి లేదో వారికి బడి కావలెనని యది మనకు నేర్పినది. ఆ పాఠమును దానికే యొప్పజెప్పుట మన విధి.